ఏడేళ్ళు తగ్గిన కాశింబి

"నా వేళ్ళు పడకపోతేనో?"

కాశింబి పైకే అంది. వినడానికి వంటింట్లో ఎవరూ లేరు. అప్పుడే తెల్లవారుతోంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, కిటికీలోంచి వచ్చే వెలుతురులో రెండు అరచేతులూ చాపి చూసుకుంటోంది. నలభై ఏళ్ళుగా దబ్బనం పట్టిన చేతులవి. పరుపుగుడ్డలోకి గుచ్చి, లాగి, ముడి బిగించి, మళ్ళీ గుచ్చి, బొటనవేళ్ళ మీదా చూపుడువేళ్ళ మీదా చర్మం అరిగి గచ్చులా నున్నబడిపోయింది. గీత అనేది మచ్చుకైనా లేదు. నెలనెలా రేషన్ మిషను దగ్గర ఇదే బాధ. డీలరు తడిగుడ్డతో తుడుచుకోమంటాడు, జుట్టుకి రుద్దుకోమంటాడు, నాలుగైదుసార్లు నొక్కించి చివరికి "మీ కోడల్ని పంపించు కాశింబీ" అంటాడు. బియ్యమైతే కోడలు పోయి తెస్తుంది. ఇవాళ్టి పనికి కోడలి వేళ్ళు పనికిరావు.

"పడకపోతే మళ్ళీ రమ్మంటారు. ఈలోగా..." అని ఆగింది. ఈలోగా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎప్పుడూ ఆగిపోతుంది. కొబ్బరినూనె సీసా అందుకుని పది వేళ్ళకీ పట్టించింది. నూనె పెడితే గీతలు లేస్తాయని ఎవరో చెప్పారు.

కంకిపాడు బస్టాండు వెనక ఆ సందులో ఒక వరసంతా నూర్‌బాషాల ఇళ్ళే. ఒకప్పుడు ప్రతి వసారాలోనూ దూది ఏకుతూ ఉండేవాళ్ళు. స్పాంజి పరుపులు వచ్చాక సగంమంది తాపీ పనులకీ, బట్టల షాపుల్లోకీ పోయారు. కాశింబి మాత్రం పరుపుల పని వదల్లేదు. ఆమె గురించి సందులో అందరికీ తెలిసినవి రెండు సంగతులు. ఆమె వేసిన ముడి పదేళ్ళకి కూడా ఊడదు. ఆమెకి భయం.

భయమంటే మామూలు భయం కాదు. మూడు రోజులు వాన పడితే వరదొస్తుందని బియ్యం మూట అటకెక్కిస్తుంది. బందరు రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే ఇంట్లోవాళ్ళు ఎవరెవరు ఎక్కడున్నారో వేళ్ళ మీద లెక్క చూసుకుంటుంది. గ్యాసు బండ దగ్గర ముక్కు పెట్టి వాసన చూడనిదే పడుకోదు. "నువ్వు చెప్పినట్టయితే ఈ పాటికి కంకిపాడు ఇరవైసార్లు మునిగి, పదిసార్లు తగలబడాలే కాశింబీ" అంటుంది ఎదురింటి సంపూర్ణమ్మ. కాశింబి నవ్వదు. "అట్టా అనమాక, పైన తథాస్తు దేవతలుంటారంటారు కదా మీవాళ్ళు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

ఒక్కగానొక్క కొడుకు నాగూర్‌కి ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఒకరు తొమ్మిదో రోజున, ఇంకొకరు నడక నేర్చాక. మూడోవాడి కోసం నాగూరు దర్గాకి మొక్కుకుని ఆ పేరే పెట్టుకుంది. అప్పట్నించీ ఆమె చూపంతా వాడి వెంటే. కాలవలో కాలు పెట్టనివ్వలేదు. ఈ చుట్టుపక్కల ఈత రాని మగవాడు ఎవడైనా ఉన్నాడంటే అది నాగూరే. వాడు కంటికి ఆనకపోతే చాలు, "నాగూ?" అని కేక. వాడు ఏ మూలనుంచో "ఉన్నా" అనేవాడు. వాడికి ముప్ఫై ఆరేళ్ళొచ్చినా అదే కేక, అదే బదులు. పెళ్ళయిన కొత్తలో షాహీదా "మీ అమ్మ హాజరు పిలుస్తుంది, పలుకు" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

అన్నిటికీ అంత భయపడే మనిషి, ఏడాదిన్నర కిందట కొడుక్కి నడుంనొప్పి మొదలైతే మాత్రం భయపడలేదు. దూది మూటలు, ఏకే మిషను ఆటోలోకి ఎత్తీ దించే మనిషికి నడుం నొప్పెట్టక ఏం చేస్తుంది? వాళ్ళ నాన్నకీ ఉండేది, ఆయన పోయేదాకా. నూనె కాచి రాసింది. సందు చివర డాక్టరు దగ్గర బిళ్ళలు తెచ్చి మింగించింది. ఆర్నెల్లు అలా గడిచాక వాడి కాళ్ళు ఉబ్బాయి. అన్నం చూస్తే వాంతి. విజయవాడ తీసుకెళ్తే పరీక్షల మీద పరీక్షలు చేశారు. తుంటి ఎముకలోకి లావు సూది దించి కూడా ఏదో తీశారు. ఆ సాయంత్రం నాగూర్ వసారాలో చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"కిడ్నీలు రెండూ పోయినయ్యంటమ్మా. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం కడిగించుకోవాలంట."

కాశింబి తెల్లవార్లూ ఏడ్చింది. పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి కొడుకు ఎదురుగా కూర్చుంది.

"మనిషికి రెండుంటయ్యంట. ఒకటున్నా బతకొచ్చంట. నాది తీసుకో."

నాగూర్ భార్య వైపు చూశాడు. షాహీదా గిన్నెలు తోమే చెయ్యి ఆపేసింది. కుళాయి నీళ్ళు అలా కారుతూనే ఉన్నాయి.

"నీకు అరవై దాటినయ్యి కదమ్మా ఆధార్‌లో. అరవై దాటినోళ్ళయి తీసుకోరు" అన్నాడు నాగూర్ కాసేపటికి.

ఇంకెవరైనా అయితే ఆ మాటతో చేతులు వదిలేసి కూర్చునేవాళ్ళు. కాశింబి చెవికి అందులో ఒక్క ముక్కే ఆనింది. ఆధార్‌లో.

పన్నెండేళ్ళ కిందట ఆ కార్డులు తీసేటప్పుడు బళ్ళో బల్లలు వేసి కూర్చున్నారు. పుట్టిన తేదీ అడిగితే తెలీదంది. పోనీ వయసెంత అన్నారు. వరసలో ముందున్నవాళ్ళూ వెనకున్నవాళ్ళూ ఒకటే పోరు. "ఎక్కువ చెప్పవే, పింఛను తొందరగా వస్తది." ఆ పూట వరసలో నిలబడిన ఆడవాళ్ళంతా తలా ఐదేళ్ళో పదేళ్ళో ముసలివాళ్ళయిపోయి ఇళ్ళకి పోయారు. కాశింబి ఏడే కలిపింది. పది కలిపితే అల్లా చూస్తాడని భయమేసింది. ఆ లెక్కన ఇప్పుడు కార్డులో ఆమెకి అరవై ఐదు. నిజానికి యాభై ఎనిమిది.

కలుపుకున్న ఏడేళ్ళనీ తీసేయిస్తే సరిపోతుందనుకుంది. "పింఛను పోద్ది కదే పిచ్చిదానా" అంది సంపూర్ణమ్మ. "పోనీ" అంది. మూడో తరగతి దాకా చదువుకున్న బడికి నాలుగుసార్లు తిరిగింది. పాత రిజిస్టరు చెదలు తినేసి ఉంటుందని పది రోజులు అన్నం సహించలేదు. చెదలు దాని జోలికి పోలేదు. హెడ్‌మాస్టరు దుమ్ము దులిపి, పేరు వెతికి, కాగితం రాసిచ్చాడు. ఫారం మీద గెజిటెడ్ సంతకం కావాలంటే పశువుల ఆసుపత్రి డాక్టరు పెట్టాడు. పెడుతూ "మీకు గేదెలున్నాయామ్మా?" అని అడిగాడు. లేవంటే సంతకం పెట్టడేమోనని "ఒకప్పుడు ఉండేదయ్యా" అని అబద్ధం చెప్పింది.

ఈ ఎనిమిది నెలల్లో కాశింబి తనని తాను కొత్తగా చూసుకోసాగింది. నోట్లో పొద్దస్తమానం నానే వక్కా జర్దా మానేసింది. ఆవకాయ జాడీ సంపూర్ణమ్మకి ఇచ్చేసింది. కిడ్నీ శుభ్రంగా ఉండాలంటే నీళ్ళు బాగా తాగాలని ఎవరో అంటే, గంటకో చెంబు లెక్కన తాగడం మొదలుపెట్టింది. కొడుక్కేమో రోజు మొత్తానికి చిన్న స్టీలు గ్లాసుతో నాలుగంటే నాలుగు. వాడి ముందు గుటకలు వెయ్యడానికి ప్రాణం ఒప్పక, వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి, చప్పుడు కాకుండా తాగేది. పొద్దున్నే కాలవగట్టు మీద నడిచేది. చెయ్యి అప్పుడప్పుడూ నడుము మీదికి పోయేది. ఎడమదిస్తే మంచిదా, కుడిదిస్తే మంచిదా? ఏది గట్టిగా ఉంటే అది తీసుకోనీ. కుట్టు మిషను ముందు కూర్చుని "ఆపరేషనయ్యాక నీకు నెలరోజులు బరువు ఎత్తనియ్యను" అనేది. నాగూర్ ఊఁ కొట్టేవాడు. ఆమె నోట "అయ్యాక" అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

ఏడున్నరకి నాగూర్ వసారాలోకి వచ్చాడు. ఒకప్పుడు తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు వచ్చేది కాదు. ఇప్పుడు చొక్కా భుజాల మీంచి జారుతోంది. మొహం మట్టిరంగుకి తిరిగింది. నడుం మీద చెయ్యి ఆనించుకుని గోడ పట్టుకుని కూర్చున్నాడు. షాహీదా అప్పటికే పటమట స్కూలుకి వెళ్ళిపోయింది. అక్కడ ఆయా పని. గురువారం ఒక్కరోజు మాత్రం ఆమె సెలవు పెట్టి తనే మొగుడి వెంట వెళ్తుంది, అత్తగారిని రానివ్వదు. ఆ రోజు పొట్ట మీద ఇంకో సూది వేస్తారు. బలానికి అని చెప్పారు.

ఇవాళ శనివారం. అంటే కాశింబి వంతు.

"నూనె వాసనొస్తుందేందమ్మా?"

"వేళ్ళకి రాసుకున్నా. ఇయ్యాల టోకెనుంది కదా నాకు, ఆధార్ సెంటర్లో."

"ఎండ పేలిపోతుంది. ఇంకోరోజు షాహీదాతో పోదువులే."

"ఇంకోరోజు అంటే మళ్ళీ పదిహేను రోజులంట. నువ్వు మిషను మీదుండే నాలుగు గంటల్లో పోయొస్తా. నువ్వు లేచేసరికి నీ పక్కనే ఉంటా."

"బెంజ్ సర్కిల్ దాటాల. ఒక్కదానివే దాటగలవా?"

కాశింబి కొంగు దోపుకుంది. "దాటతా" అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈడుపుగల్లు దాటుతుండగా ఎదురుగా ఒక ట్రాలీ ఆటో వచ్చింది. దాని నెత్తిన మైకులోంచి నాగూర్ గొంతు వినపడింది. "పాత పరుపులు, పాత దిండ్లు... దూది ఏకి, కొత్త గుడ్డ వేసి, మీ ఇంటి ముందే కుట్టి ఇవ్వబడును..." వాడిదే ఆటో. జబ్బు పడ్డాక శౌరయ్యకి అద్దెకిచ్చారు. శౌరయ్య మిషను నేర్చుకున్నాడు గానీ మైకులో మాట మార్చుకోలేదు.

నాగూర్ మెడ తిప్పి ఆటో కనుమరుగయ్యేదాకా చూశాడు. "నా గొంతు బానే తిరుగుతుందమ్మా ఊళ్ళు. దానికి నడుం నొప్పి లేదు" అన్నాడు. నవ్వాడు కూడా.

ఆసుపత్రిలో మూడో అంతస్తు. పది మంచాలు, పది మిషన్లు. అందరికీ దుప్పట్లు. అక్కడి చలికి కాశింబికి మొదటిరోజే జలుబు చేసింది. నర్సు బ్లెస్సీ నాగూర్‌ని బరువు చూసే మిషను మీద నిలబెట్టి, మంచమెక్కించి, ఎడమచెయ్యి చాపించింది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంటుంది. వేలు ఆనిస్తే లోపల పిల్లి గుర్రుమన్నట్టు ఉంటుంది. రెండు సూదులు దిగేటప్పుడు కాశింబి ఎప్పుడూ గోడ మీది గడియారం వైపు తిరుగుతుంది.

"ఏంటి మామ్మా, ఇవాళ కొత్త చీర కట్టావ్? ఎక్కడికి ప్రయాణం?" అంది బ్లెస్సీ.

"వయసు తగ్గించుకోడానికి పోతున్నా తల్లీ."

బ్లెస్సీ పకపకా నవ్వింది. "మా అమ్మని కూడా తీసుకుపో. బ్యూటీ పార్లరుకా?"

"కాదమ్మా. వీడికి కిడ్నీ ఇయ్యడానికి."

బ్లెస్సీ నవ్వు ఆగిపోయింది. నాగూర్ వైపు చూసింది. నాగూర్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె ప్లాస్టరు అతికించి, అతికించినదాన్నే మరోసారి నొక్కి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. కాశింబి పట్టించుకోలేదు. టోకెను టైము దాటిపోతుందన్న కంగారులో ఉంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆమె పావుగంట నిలబడింది. పైన ఫ్లైఓవరు, కింద నాలుగు వైపులనుంచీ బస్సులు, లారీలు, ఆటోలు, ఎవరికీ ఆగాలని లేనట్టు. అడుగు ముందుకి వేస్తుంది, వెనక్కి తీసుకుంటుంది. ఏ బండి ఎటునుంచి వచ్చి ఎక్కడ గుద్దుతుందో, తను ఎటు పడుతుందో, చేతిలో కవరు ఎటు ఎగురుతుందో, అంతా ముందే కళ్ళకి కట్టింది. నడుము మీద దెబ్బ తగిలితే? అన్నిటికన్నా ఆ భయం ఎక్కువైంది. చివరికి కాలేజీ పిల్ల ఒకతి ఫోను చూసుకుంటూ రోడ్డులోకి దిగితే, ఆ పిల్ల చున్నీ చివర పట్టుకుని వెనకే దాటేసింది. అవతలికి చేరాక ఆ పిల్ల తిరిగి చూసి "ఏంటి ఆంటీ?" అంది. "ఏం లేదమ్మా, చల్లగా ఉండు" అని చున్నీ వదిలింది.

ఆధార్ సెంటర్లో గంటన్నర కూర్చుంది. లోపల కుర్చీలో ఉన్నతను కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"మామ్మగారూ, తప్పు రాశారు. ఏడేళ్ళు పెంచాలా?"

"తగ్గించాల నాయనా."

"తగ్గించాలా? ఈ కుర్చీలో ఐదేళ్ళ నుంచి కూర్చున్నా. పెంచమని ఏడ్చినోళ్ళని చూశా గానీ... ఏంటి, మళ్ళీ సంబంధాలు చూస్తున్నారా?"

వెనక వరస నవ్వింది. ఇంకో రోజైతే కాశింబి సిగ్గుతో చచ్చిపోయేది. "ఏదో ఒకటి, రాయి నాయనా" అంది.

ఆమె అనుకున్నట్టే అయింది. వేళ్ళు పడలేదు. కుడిచెయ్యి పడలేదు, ఎడమచెయ్యి పడలేదు. అద్దం మీద నూనె మరకలు చూసి అతను విసుక్కున్నాడు. "నూనె ఎవరు రాసుకోమన్నారు? అసలేం పని చేస్తారు మీరు, చేతుల్లో ఏం మిగల్లేదు?"

"పరుపులు కుడతా బాబూ. నాకు తెలుసు, నా వేళ్ళు పడవని. పొద్దున్నే అనుకున్నా." ఆమె వేళ్ళు కొంగుకి తుడుచుకుని, అదే కొంగుతో కళ్ళూ ఒత్తుకుంది. "ఇవి పడకపోతే నా బిడ్డకి నేను..."

అతను ఆమె మొహం చూశాడు. నవ్వడం మానేశాడు. "ఏడవకండి. కళ్ళున్నాయిగా" అని బైనాక్యులర్ లాంటిదొకటి ఆమె కళ్ళకి ఆనించాడు. "పెద్దగా తెరవండి. రెప్ప కొట్టొద్దు." కాశింబి ఊపిరి బిగబట్టి, నీళ్ళు నిండిన కళ్ళని తెరవగలిగినంత తెరిచింది. ఏదో టిక్కుమంది.

"అయిపోయింది. పదిహేను రోజుల్లో కొత్త కార్డు ఇంటికొస్తుంది. ఈ చీటీ దాచుకోండి. ఇవాళ్టి నుంచి మీకు యాభై ఎనిమిది."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె రోడ్డు ఎలా దాటిందో ఆమెకే గుర్తు లేదు.

ఆమె చీటీ చేతికిస్తే నాగూర్ కుడిచేత్తో పట్టుకుని చాలాసేపు చదివాడు. అందులో అంత చదవడానికి ఏమీ లేదు. మిషనులో ఎర్రటి గొట్టాలు తిరుగుతున్నాయి.

"సాధించావు కదమ్మా" అన్నాడు.

"పెద్ద డాక్టరు గారికి ఎప్పుడు చూపిద్దాం?"

"కార్డు రానీ."

"బ్లెస్సమ్మా, నువ్వన్నా చెప్పు. ఈ చీటీ సరిపోదా?"

బ్లెస్సీ చీటీ వైపు చూసి, "మంచిది మామ్మా" అంది. ఏది మంచిదో చెప్పలేదు. నాగూర్ కాళ్ళ మీద దుప్పటి సర్ది వెళ్ళిపోయింది.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. మిషను మీద నుంచి వచ్చిన రోజున నాగూర్ పిండేసిన గుడ్డలా ఉంటాడు. వసారాలో తన పరుపు మీద పడుకున్నాడు. జబ్బు చేశాక ఆ పరుపుని ఆమె మూడుసార్లు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టింది. పరుపు విప్పితే మనిషి ఎటు ఒరిగి పడుకుంటాడో, ఎక్కడ బరువు దిగుతుందో లోపలి దూదే చెబుతుంది. మొదటిసారి నడుము దగ్గర లోతుగా గుంట పడి ఉంది. మూడోసారి విప్పినప్పుడు గుంట లేదు. దూది ఎక్కడా అణగలేదు. అది చూసి పరుపు బాగా కుదిరిందనుకుంది.

కాస్త టీ ఇచ్చింది. సగం తాగి పక్కన పెట్టాడు. ఆమె సంపూర్ణమ్మ కుట్టమనిచ్చిన దిండు ఒళ్ళో వేసుకుని, దబ్బనంలో దారం ఎక్కించి, గడప మీద కూర్చుంది.

"ఎంత తగ్గావమ్మా?" అన్నాడు నాగూర్ కళ్ళు మూసుకునే.

"ఏడేళ్ళు."

"ఇంకో నాలుగుసార్లు పోయావంటే నాకంటే చిన్నదానివైపోతావు."

"పో, నోరు మూసుకుని పడుకో" అంది. నవ్వొచ్చింది ఆమెకి. ఎన్నాళ్ళకో వచ్చింది. ఆ నవ్వుతోనే చెప్పడం మొదలుపెట్టింది. బెంజ్ సర్కిల్ ఎట్లా దాటిందో, ఆ పిల్ల చున్నీ ఏ రంగో, సెంటర్లో అతను ఏమన్నాడో, వెనకాలవాళ్ళు ఎట్లా నవ్వారో. ఆపరేషనయ్యాక ఇద్దరూ ఒకేచోట పడుకోవాల్సి వస్తుంది కదా, తనకి పక్కన కొత్త పరుపొకటి కుట్టుకోవాలంది. బూరుగుదూది అయితే మెత్తగా ఉంటుంది, కుట్లు నొప్పెట్టవంది. ఆటో శౌరయ్య దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవాలంది. కానీ బరువులు మాత్రం శౌరయ్యే ఎత్తాలి, నువ్వు మైకు దగ్గర కూర్చోవడమే అంది. నాగూరు దర్గాకి పోవాలి, ఇద్దరం కలిసి, రైల్లో. రైలంటే నాకు భయమే అనుకో, అయినా పోదాం. నువ్వు కడుపునిండా నీళ్ళు తాగుతుంటే చూడాలిరా నేను, చెంబెత్తి, అంది.

ఎండ గడప మీంచి మెట్టు మీదికి, మెట్టు మీంచి వీధిలోకి దిగిపోయింది. దిండుకి నాలుగు పక్కలా కుట్టు పూర్తయింది. మసీదులో సాయంత్రపు అసర్ అజా ఎప్పుడో అయిపోయింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

షాహీదా బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడుస్తూ మొగుడి వైపు చూసింది. ఒక చెప్పు కాలికి అలాగే ఉంది. దగ్గరికి వెళ్ళి, వంగి, ఎడమచెయ్యి మీద వేలు ఆనించింది. నరం లోపల ఏమీ గుర్రుమనడం లేదు.

"అత్తమ్మా, ఎంతసేపట్నించి పలకట్లా?"

కాశింబి తలెత్తింది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

"నేను పిలవలేదే" అంది.

మర్నాడు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత మగవాళ్ళు నాగూర్‌ని మోసుకుపోయారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. సందులో వాళ్ళంతా కాశింబిని గురించి భయపడ్డారు. చిన్నదానికే గుండె బాదుకునే మనిషి, ఇప్పుడేమైపోతుందో అనుకున్నారు. ఆమె అరవలేదు. పడిపోలేదు. సంపూర్ణమ్మ నోటి దగ్గర టీ గ్లాసు పెడితే తాగింది. ఎవరేం అడిగినా తల ఊపింది. షాహీదా గొంతు మాత్రం నిన్నటి సాయంత్రం నుంచీ ఎవరూ వినలేదు. గోడకి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని, ముసుగులో కూర్చుంది.

సాయంత్రానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. సంపూర్ణమ్మ అన్నం గిన్నె పెట్టి, మూత వేసి, "తినండే" అని వెళ్ళింది. వసారాలో పరుపు పరిచి ఉండే చోటు ఖాళీగా ఉంది. అత్తా కోడళ్ళిద్దరే మిగిలారు. బందరు రోడ్డు మీద ఏదో బండి హారను మోగించుకుంటూ పోయింది. కాశింబి ఎవరెవరు ఎక్కడున్నారో లెక్క చూసుకోలేదు.

"షాహీదా" అంది. "ఒక్కటి చెప్పు నాకు. ఏడేళ్ళు తీయించుకున్నా కదే. జర్దా మానేశా. ఉప్పు మానేశా. నీళ్ళు తాగా. మరి ఎందుకు తీసుకోలేదు నాది? ఇంకా ఏం తక్కువైంది నాలో?"

చీకటి పడుతోంది. ఎదురింట్లో దీపం వెలిగింది, వీధిలో దీపం వెలిగింది. ఈ ఇంట్లో ఎవరూ లేవలేదు. మగ్రిబ్ అజా మొదలై, ముగిసింది. కాశింబి మళ్ళీ అడగలేదు. కోడలి వైపే చూస్తూ కూర్చుంది.

"నీలో ఏం తక్కువ లేదత్తమ్మా" అంది షాహీదా చివరికి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఆయనకి వచ్చింది కిడ్నీ జబ్బు కాదు. క్యాన్సరు. ఎముకల్లో, లోపలి మూలుగలో మొదలైంది. ఆ నడుంనొప్పి అదే. అక్కణ్ణించి రక్తంలోకి వచ్చిన చెడు కిడ్నీల్లో పేరుకుని వాటిని తినేసింది. గురువారం వేసేది దానికి మందే. నీది తెచ్చి పెట్టినా దాన్నీ పాడుచేస్తుందన్నాడు డాక్టరు, మొదటిరోజే. నీకు చెప్పేద్దామని ఎన్నిసార్లు అన్నానో నీ కొడుకుతో. నిన్న పొద్దున కూడా అన్నా. నువ్వు వంటింట్లో నూనె రాసుకుంటున్నావు. తలుపు సందులోంచి ఆయన నిన్నే చూస్తూ చెప్పాడు. 'మా అమ్మ నేను పుట్టినకాణ్ణించీ ప్రతిదానికీ భయపడ్డమే చూశానే. ఇన్నాళ్ళకి దేనికో ఆశపడుతుంది. దాన్ని ఆపబుద్ధి కావట్లా నాకు. పోయి రానీ' అన్నాడు."